నవ్వుతూనే ధిక్కారం: డిజ్జీ గిలెస్పీ సంగీతం, మనిషి

డిజ్జీ గిలెస్పీ ఫోటో చూస్తే ఎవరికైనా ముందు నవ్వొస్తుంది. కప్ప గొంతులా ఉబ్బిపోయిన రెండు బుగ్గలు. కింది పెదవి కింద చిటికెడు గడ్డం. నెత్తిన బెరే టోపీ, లావు ఫ్రేము కళ్ళద్దాలు. చేతిలో ట్రంపెట్, దాని మూతి నేరుగా ముందుకి చూడకుండా ఆకాశం వైపు లేచి ఉంటుంది. వేదిక మీద చిందులేస్తాడు, మజాక్ చేస్తాడు. “మా బృందాన్ని పరిచయం చేస్తాను” అని జనానికి చెప్పి, వెనక్కి తిరిగి బృందంలోవాళ్ళని ఒకరికొకరిని పరిచయం చేస్తాడు. వాళ్ళు ఒకరితో ఒకరు కరచాలనం చేసుకుంటారు. హాలంతా గొల్లుమంటుంది.

ఇరవయ్యో శతాబ్దపు జాజ్‌ని మలుపు తిప్పినవాళ్ళ పేర్లు చెప్పమంటే మొదటి వరసలో వచ్చే పేరు ఈయనదే. ఈ గొప్పతనానికీ ఆ చిందులకీ పొత్తు ఎలా కుదిరింది?

అమెరికాలో నల్లవాడి నవ్వు వెనక ఒక నీచమైన చరిత్ర ఉంది. పందొమ్మిదో శతాబ్దంలో తెల్లవాళ్ళు ముఖానికి మసి పూసుకుని నల్లవాడి వేషం కట్టి, వాడి మాటనీ నడకనీ వెక్కిరిస్తూ ఊరూరా ఆటలాడి డబ్బు చేసుకున్నారు. వాటికి మిన్‌స్ట్రెల్ షోలని పేరు. తర్వాత నల్ల కళాకారులు కూడా పొట్ట కోసం తమ మీద తామే ఆ వేషం కట్టాల్సొచ్చింది. అందుకే పళ్ళికిలించి నవ్వే నల్ల కళాకారుణ్ణి చూస్తే చదువుకున్న నల్లవాళ్ళకి కడుపు మండుతుంది. ఎవరి కోసం నవ్వుతున్నావు? ఎవరికి లొంగి నవ్వుతున్నావు?

ఈ ప్రశ్న మనకి పరాయిది కాదు. అల్పసంఖ్యాకుల్లోంచి వచ్చిన ప్రతి కళాకారుణ్ణీ రెండు తక్కెళ్ళలో తూస్తారు. అటువైపు వాళ్ళు “నవ్వు, మా మనసుకి నచ్చేట్టు ఉండు” అంటారు. ఇటువైపు మనవాళ్ళు “ఎందుకు నవ్వావు, కోపంగా ఎందుకు లేవు” అంటారు. రెండు చోట్లా మనిషి కనబడడు. గిలెస్పీ ఈ రెండు తక్కెళ్ళకీ దొరకలేదు. ఎట్లా దొరకలేదో ఆయన సంగీతంలోనూ నడవడిలోనూ వెతకాలి.

జాన్ బర్క్స్ గిలెస్పీ 1917 అక్టోబర్ 21న దక్షిణ కెరొలైనా రాష్ట్రంలోని చెరా అనే చిన్న ఊళ్ళో పుట్టాడు. తొమ్మిదిమంది సంతానంలో ఆఖరివాడు. తండ్రి తాపీ పనివాడు. వారాంతాల్లో బ్యాండు నడిపేవాడు కాబట్టి వాయిద్యాలు ఇంట్లోనే ఉండేవి. పిల్లల్ని నిర్దాక్షిణ్యంగా కొట్టే మనిషి. గిలెస్పీకి పదేళ్ళప్పుడు ఆ తండ్రి చనిపోయాడు. తర్వాత ఉత్తర కెరొలైనాలో నల్లవాళ్ళ కోసం నడిచే లారిన్‌బర్గ్ ఇన్‌స్టిట్యూట్‌లో సీటు దొరికింది. 1935లో కుటుంబంతోపాటు ఫిలడెల్ఫియా చేరాడు. అక్కడి తిక్క చేష్టల వల్లే ‘డిజ్జీ’ అన్న పేరు అంటుకుంది. 1937లో న్యూయార్క్, రెండేళ్ళకి కాబ్ కాలోవే బ్యాండులో ఉద్యోగం. 1941లో వేదిక మీదికి ఎవరో కాగితపు ఉండ విసిరితే కాలోవే గిలెస్పీని అనుమానించాడు. చెయ్యని తప్పుకి తిట్లు పడని గిలెస్పీ కత్తి తీశాడు. కాలోవేకి గాయమైంది, ఇతని ఉద్యోగం పోయింది. తర్వాతి కాలంలో లోకం చూసిన నవ్వు మెతకతనం నుంచి వచ్చింది కాదని చెప్పడానికి ఈ ఒక్క సంఘటన చాలు.

ఇక సంగీతం.

ట్రంపెట్ మనకి తెలియని వాయిద్యమేం కాదు. పెళ్ళి ఊరేగింపులో బ్యాండు మేళం ముందు వరసలో నడిచేది అదే. ఊదేవాళ్ళలో ముస్లింలూ దళితులూ ఎందరో. ఊరేగింపు మనదంటాం, పాట సినిమాదంటాం, ఊదినవాడి పేరు మాత్రం ఎవరూ అడగరు. 1930ల అమెరికాలో నల్ల సంగీతకారుల పరిస్థితి దీనికి దగ్గరగానే ఉండేది. స్వింగ్ సంగీతం వాళ్ళ చేతుల్లో పెరిగింది. ‘స్వింగ్ రాజు’ అన్న బిరుదు తెల్లవాడైన బెన్నీ గుడ్‌మన్‌కి దక్కింది. దక్షిణాదిన వాళ్ళు వాయించిన హోటల్లో వాళ్ళకి గది ఇవ్వరు, భోజనం పెట్టరు.

1940ల మొదట్లో హార్లెమ్‌లో, 118వ వీధిలోని మింటన్స్ ప్లేహౌస్‌లో, పని ముగిసిన తర్వాత అర్ధరాత్రి దాటాక కొందరు కుర్రవాళ్ళు చేరేవారు. పియానో దగ్గర థెలోనియస్ మంక్, డ్రమ్స్ దగ్గర కెన్నీ క్లార్క్, ట్రంపెట్‌తో గిలెస్పీ. ఈ రాత్రుల్లోంచి, గిలెస్పీకి ఆల్టో సాక్సఫోన్ వాద్యకారుడు చార్లీ పార్కర్ జత కలిశాక, పుట్టిందే బీబాప్. మామూలు వాళ్ళు అందుకోలేని వేగం. పాట కింద ఉండే కార్డుల్ని, అంటే ఒకేసారి పలికే స్వరాల గుత్తుల్ని, విరిచి మార్చి వాటి మీద కొత్త దారులు వెయ్యడం. పంచమం ఉండాల్సిన చోట దానికి సగం మెట్టు కింద ఉన్న స్వరాన్ని, మన లెక్కలో ప్రతిమధ్యమాన్ని, ధైర్యంగా నిలబెట్టడం. చెవికి ముందు ముల్లులా గుచ్చుకుంటుంది. రెండోసారి వింటే అది లేకపోతే వెలితిగా ఉంటుంది.

ఇక్కడ ఒక పాట గురించి ప్రత్యేకంగా చెప్పాలి. ‘విస్పరింగ్’ అని 1920లో పాల్ వైట్‌మన్ వాయిస్తే లక్షల కాపీలు అమ్ముడుపోయిన రికార్డు ఒకటుంది. వైట్‌మన్ తెల్లవాడు, ఆయన్ని ‘జాజ్ రాజు’ అన్నారు. గిలెస్పీ ఆ పాట పైనున్న రాగాన్ని తీసి పక్కన పెట్టాడు. కింది కార్డుల వరసని మాత్రం ఉంచుకుని దాని మీద తన సొంత రాగం కట్టాడు. అదే 1945లో పార్కర్‌తో కలిసి రికార్డు చేసిన ‘గ్రూవిన్ హై’. హక్కుల చట్టం రాగాన్ని కాపాడుతుంది, కార్డుల వరసని కాపాడదు. నల్లవాళ్ళ సంగీతంతో రాజులైనవాళ్ళ ఇంటి పునాది మీద ఒక నల్లవాడు తన ఇల్లు కట్టుకుని తన పేరు రాసుకున్నాడు! రికార్డు వినండి. ట్రంపెటూ సాక్సఫోనూ ఒకే గొంతుగా మొదలవుతాయి, ఎక్కడా కోపం వినబడదు, హాయిగా నడుస్తుంది. చివరికొచ్చేసరికి లయ సగానికి తగ్గుతుంది. ట్రంపెట్ ఒక్కటే నిదానంగా మెట్లెక్కి పైకి వెళ్ళి నిలబడుతుంది. గర్వమంటే ఇట్లా ఉంటుందనిపిస్తుంది.

‘ఎ నైట్ ఇన్ ట్యునీషియా’ 1942 నాటి రచన. ట్యునీషియా చూసొచ్చి రాసింది కాదు, అప్పటికాయన ఆఫ్రికాలో అడుగు పెట్టలేదు. కింద బాస్ ఒకే పదాన్ని ఊయలలా తిప్పి తిప్పి వాయిస్తుంటుంది. అది జాజ్ నడక కాదు, దక్షిణ అమెరికా, ఆఫ్రికా తీరాల నడక. పైన రాగం కొంచెం కొంచెంగా ఎక్కి వాలుతుంది. మధ్య భాగంలోకి రాగానే లయ మారి మామూలు స్వింగ్ మొదలవుతుంది. ఊహించుకున్న దేశం నుంచి ఉన్న దేశంలోకి, మళ్ళీ అక్కణ్ణుంచి ఇక్కడికి. తనది కాదన్న దేశంలో బతుకుతూ, తానెన్నడూ చూడని ఖండం వైపు చెవి పెట్టిన మనిషి పాట అది. ఇంట్లో ఒక భాష, బడిలో ఒక భాష మాట్లాడుతూ పెరిగినవాళ్ళకి ఈ రాకపోకలు విప్పి చెప్పనక్కర్లేదు.

బీబాప్ గురించి చెప్పేటప్పుడు చాలామంది పార్కర్ మేధని ముందు పెడతారు. తప్పు లేదు. పార్కర్ మెరుపు. కానీ మెరుపుని పట్టి కాగితం మీద పెట్టి, పది మందికి నేర్పింది గిలెస్పీ. ఎవరైనా వచ్చి అడిగితే పియానో ముందు కూర్చోబెట్టి కార్డులు ఒక్కొక్కటీ విప్పి చూపేవాడు. మింటన్స్‌లో చేతకానివాళ్ళని వేదిక మీద నుంచి దింపడానికి కష్టమైన కార్డులు వాడిన మాట నిజమే. అదే మనిషి తెల్లారితే ఆ కార్డుల రహస్యం నేర్చుకుంటానన్నవాడికి దాపరికం లేకుండా చెప్పేవాడు. మైల్స్ డేవిస్‌కి పియానో నేర్చుకోమని చెప్పింది ఈయనే. 1956లో 18 ఏళ్ళ లీ మోర్గన్‌ని తన బ్యాండులోకి తీసుకుని, తన పేరు మోసిన ‘ట్యునీషియా’లోనే అతనికి సోలో ఇచ్చాడు. ట్రంపెట్ వాద్యకారుడు తన పాటలో వేరే ట్రంపెట్‌కి చోటివ్వడం చిన్న సంగతి కాదు. మన ఉస్తాద్‌ల ఘరానాల్లో బిడ్డలకి తప్ప చెప్పని విద్యల కథలు ఎన్ని వినలేదు!

అణగారినవాడికి విద్యే ఆస్తి. దాన్ని దాచుకోవాలనిపించడం సహజం. ఎవరో దోచుకుంటారన్న భయం ఉత్తదేం కాదు, దోచుకున్నారు కూడా. గిలెస్పీ ఆ భయాన్ని వేరే దారిలో జయించాడు. పది మంది చేతుల్లో పెట్టిన విద్యని ఎవడూ ఒక్కడే ఎత్తుకుపోలేడు.

1947లో క్యూబా నుంచి వచ్చిన కాంగా డ్రమ్ వాద్యకారుడు చానో పోజోని బ్యాండులో చేర్చుకున్నాడు. పోజోకి ఇంగ్లీషు రాదు, గిలెస్పీకి స్పానిష్ రాదు. తామిద్దరం ఆఫ్రికా భాషలో మాట్లాడుకునేవాళ్ళమన్న అర్థంలో గిలెస్పీ చెబుతుండేవాడు. ఆ స్నేహంలోంచి ‘మంతేకా’ పుట్టింది. డ్రమ్ పదాన్నీ దాని మీద పేర్చిన వరసల్నీ పోజో ఇస్తే, మధ్యలో వచ్చే మెత్తని రాగాన్ని గిలెస్పీ రాశాడు. రెండూ అతికినట్టుండవు, పక్కపక్కన నిలబడి మాట్లాడుకుంటాయి. అమెరికా నల్లవాళ్ళ నుంచి యజమానులు డోలు లాక్కున్నారు. డోలు మోతతో తిరుగుబాటు కబురు పోతుందని వాళ్ళ భయం. క్యూబాలో ఆ డోలు బతికింది. పోయిన డోలుని సముద్రం దాటించి ఇంటికి తెచ్చుకున్న రికార్డు ‘మంతేకా’. 1948 డిసెంబర్‌లో పోజోని హార్లెమ్‌లో కాల్చి చంపారు. గిలెస్పీ ఆ పాటని ఆఖరిదాకా వాయిస్తూనే ఉన్నాడు.

ఈ కాలంలోనే మనం శ్రద్ధగా చూడాల్సిన మరో కథ నడిచింది. గిలెస్పీ చుట్టూ ఉన్న సంగీతకారులు చాలామంది ఇస్లాం స్వీకరించారు. కెన్నీ క్లార్క్ లియాఖత్ అలీ సలాం అయ్యాడు. ఆర్ట్ బ్లేకీ అబ్దుల్లా ఇబ్న్ బుహైనా అయ్యాడు. ట్రంపెట్ ఊదే లెనర్డ్ గ్రాహం ఇద్రీస్ సులేమాన్ అయ్యాడు. 1949లో గిలెస్పీ బ్యాండులో చేరిన విలియం ఎవాన్స్ తర్వాత యూసుఫ్ లతీఫ్‌గా ప్రపంచానికి తెలిశాడు. వీళ్ళలో చాలామందికి ఇస్లాం అందింది మన ఉపఖండం నుంచి, పంజాబ్‌లోని ఖాదియాన్ నుంచి 1920లో మొదలై అమెరికా వెళ్ళిన అహ్మదీయా ప్రచారకుల ద్వారా.

గిలెస్పీ 1979లో వెలువడిన ఆత్మకథలో దీన్ని దాచకుండా రాశాడు. కొందరికి అది విశ్వాసం. కొందరికి అది దారి కూడా. అరబ్బీ పేరు పెట్టుకుంటే ‘నీగ్రో’ కాకుండా పోవచ్చు. ఆ రోజుల్లో న్యూయార్క్ సంగీతకారులు క్లబ్బుల్లో వాయించాలంటే పోలీసు కార్డు ఉండాలి. దాని మీద జాతి అన్నచోట ‘తెల్ల’ అని రాయించుకున్నవాళ్ళున్నారు. కెన్నీ క్లార్క్ తన కార్డు తీసి గిలెస్పీకి చూపించాడట. నల్లవాడికి కాఫీ ఇవ్వని హోటలు, అదే రంగు మనిషి నెత్తిన తలపాగా చుట్టుకుని విదేశీ పేరు చెబితే కుర్చీ వేసేది.

ఇది చదువుతుంటే నవ్వాలో ఏడవాలో తెలియదు. ఇక్కడ అదే పేరు చెబితే అద్దె ఇల్లు ఖాళీ లేదంటారు. అక్కడ అదే పేరు మూసిన తలుపు తెరిచింది! అంటే గుట్టు పేరులోనూ లేదు, రంగులోనూ లేదు. ఎవరిని కింద ఉంచాలో ముందే నిర్ణయించుకున్నవాడి అవసరంలో ఉంది. అమెరికాకి కింద ఉంచడానికి కావలసినవాడు నల్లవాడు, ఇక్కడ మరొకడు. ద్వేషానికి సిద్ధాంతం లేదనీ లెక్క మాత్రమే ఉందనీ ఇంత తేటగా చెప్పే సాక్ష్యం ఎక్కడోగానీ దొరకదు.

గిలెస్పీ పేరు మార్చుకోలేదు. మార్చుకున్నవాళ్ళని వెక్కిరించనూ లేదు. ఒక్కసారి తప్పటడుగు పడింది. 1948లో ‘లైఫ్’ పత్రిక బీబాప్ మీద ఫోటోలతో వ్యాసం వేసింది. ఫోటో కోసం ఆయన్ని మోకాళ్ళ మీద కూర్చోబెట్టి, మక్కా వైపు వంగి ప్రార్థన చేస్తున్నట్టు చేతులు చాపించారు. ఆయన ముస్లిం కాదు. జనం నవ్వుకోవడానికి వేసిన వేషం అది. తన జీవితంలో సిగ్గుపడే కొద్ది పనుల్లో అదొకటని ఆత్మకథలో రాశాడు. ఎవరూ నిలదీసి అడగకుండానే, ముప్ఫై ఏళ్ళ తర్వాత. ఈ ఒక్క మాట ఆయన్ని నాకు దగ్గర చేసింది. తన మీద తాను ఎంత నవ్వించుకున్నా ఫరవాలేదు, ఇంకొకరి సజ్దా మీద నవ్వించడం మాత్రం పాపం అనుకున్నాడు. మన సినిమాల్లో లుంగీ, సుర్మా, వంకర తెలుగు పెట్టి ఎన్ని పాత్రలు నవ్వించలేదు! వాటిలో ఒక్కదానికైనా ఎవరైనా ఇట్లా సిగ్గుపడ్డారా?

నవ్వు మీద అసలు తగువు లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్‌తో నడిచింది. ట్రంపెట్‌కి ఆయన తాతలాంటివాడు. కొత్త సంగీతంలో రాగమూ లేదు, డాన్సు చెయ్యడానికి తాళమూ లేదని ఆర్మ్‌స్ట్రాంగ్ ఈసడించాడు. ఆయన పళ్ళికిలింపు బానిసల తోటల నాటిదని 1949లో గిలెస్పీ అన్నాడు. తర్వాత ఇద్దరూ న్యూయార్క్‌లో కరోనా ప్రాంతంలో ఇరుగుపొరుగువాళ్ళయ్యారు. 1957లో లిటిల్ రాక్‌లో తొమ్మిదిమంది నల్ల పిల్లల్ని బడిలోకి రానివ్వనప్పుడు, ఆ నవ్వే ఆర్మ్‌స్ట్రాంగే అధ్యక్షుడు ఐసెన్‌హోవర్‌కి గుండె ధైర్యం లేదని బాహాటంగా అన్నాడు. ప్రభుత్వం తరఫున సోవియట్ యూనియన్ వెళ్ళనన్నాడు. 1959లో ఇద్దరూ టీవీలో కలిసి పాడి వాయించి నవ్వించారు. ఆర్మ్‌స్ట్రాంగ్ నవ్వులో తాను చూసిన లొంగుబాటు నిజానికి ఒక నిరాకరణ అని గిలెస్పీ ఆత్మకథలో ఒప్పుకున్నాడు. జాతి దురహంకారం సరే, దాని మీద వచ్చే కోపం కూడా తన ఆనందాన్ని దోచుకోకూడదన్న మొండి నిరాకరణ.

ఈ పరీక్ష 1956లో గిలెస్పీకీ ఎదురయ్యింది. అమెరికా విదేశాంగ శాఖ ప్రభుత్వ ఖర్చుతో పంపిన మొదటి జాజ్ బృందం ఆయనది. ఇరాన్‌లోని అబాదాన్‌లో మొదలుపెట్టి ఢాకా, కరాచీ, బీరూట్, డమాస్కస్, అంకారా, ఇస్తాంబుల్, ఏథెన్స్ వంటి నగరాలు తిరిగారు. నల్లవాళ్ళూ తెల్లవాళ్ళూ కలిసిన బృందం. ట్రాంబోన్ వాయిస్తూ పాటలు కూర్చిన మెల్బా లిస్టన్ అనే నల్ల మహిళ కూడా అందులో ఉంది. ఇంట గెలిచి రచ్చ గెలవమంటారు పెద్దలు. ఇంట గెలవనివ్వనివాణ్ణి రచ్చ గెలవమని పంపించింది అమెరికా! ప్రచ్ఛన్న యుద్ధంలో “చూడండి, మా నల్లవాళ్ళు ఎంత సుఖంగా ఉన్నారో” అని చూపడానికి. ప్రదర్శన వస్తువులయ్యే ఖర్మ అల్పసంఖ్యాక కళాకారులకి ఎక్కడైనా తప్పదు.

వెళ్ళకుండా ఉండాల్సిందా? కొందరు అట్లాగే అంటారు. గిలెస్పీ వెళ్ళాడు, కానీ ఏం మాట్లాడాలో అధికారులు చెప్పే పాఠానికి హాజరు కాలేదు. మూడు వందల ఏళ్ళుగా తమకి జరిగింది తనకి తెలుసు, వేరే పాఠం అక్కర్లేదన్నాడు. తమ దేశం చేసినదాన్ని సమర్థించే పని తనది కాదన్నాడు. అంకారాలో రాయబారి విందులో పెద్దమనుషులు లోపల, బీద పిల్లలు గోడ బయట. ఆ పిల్లల్ని లోపలికి రానిస్తే తప్ప వాయించనని కూర్చున్నాడు. రానిచ్చారు. జెండా మోయించాలనుకున్నవాళ్ళ చేత గేటు తీయించాడు. పాలకుల సొమ్ముతో వెళ్ళడంలో ఉన్న ఇరకాటం దీంతో తీరిపోయిందనను. ఆ ఇరకాటంలో ఇజ్జత్ పోగొట్టుకోకుండా నడవవచ్చునని మాత్రం తేలింది.

1964లో అమెరికా అధ్యక్ష పదవికి పోటీ అన్నాడు. బ్యాడ్జీల అమ్మకం డబ్బు పౌరహక్కుల సంస్థలకి. గెలిస్తే వైట్ హౌస్‌కి ‘బ్లూస్ హౌస్’ అని పేరు మారుస్తాడట. మాల్కం ఎక్స్ అటార్నీ జనరల్, మైల్స్ డేవిస్ గూఢచారి సంస్థ అధిపతి. అందరూ నవ్వారు. నవ్వుతూ నవ్వుతూ ఆ జాబితా చదివినవాడికి ఒక నిమిషం తర్వాత తట్టి ఉంటుంది, ఇందులో నవ్వాల్సింది ఏముందని. నల్లవాడు అధ్యక్షుడవుతాడన్న మాట జోకు కాక మరోటి కాలేని కాలం అది. ఆ కాలాన్నే ఆయన జోకుగా మార్చి ఎదురు పెట్టాడు. 2008 ఎన్నికలు చూడకుండానే ఆయన వెళ్ళిపోయాడు.

గిలెస్పీలో లోపాలు లేవని కాదు. నవ్వించే మోజులో ట్రంపెట్ వెనకబడిన రాత్రులున్నాయి, ఆ కొన్ని రికార్డుల్లో పాట కంటే మాటలే ఎక్కువ. ఎంతో ఇష్టపడి కట్టుకున్న పెద్ద బ్యాండుని డబ్బు చాలక 1950లో రద్దు చెయ్యాల్సొచ్చింది. తర్వాత కొన్నాళ్ళు బజారుకి తగ్గట్టు వాయించాడు. కానీ మంచి రోజున ఆయన ట్రంపెట్ ఏం చేస్తుందో చూడండి. తమాషాగా మొదలుపెట్టి, ఉన్నట్టుండి పై స్థాయికి దూకి, అక్కడ నుంచి ఒక్క స్వరమూ జారకుండా మెట్లన్నీ పరుగున దిగి, సరిగ్గా తాళం మీద ఆగుతుంది. ఆ క్రమశిక్షణ లేనివాడికి అంత అల్లరి చేసే హక్కు ఉండదు. జోకు వేసే రెండు నిమిషాల వెనక ఎన్ని గంటల రియాజ్ ఉందో అప్పుడు తెలుస్తుంది.

ఆ వంగిన ట్రంపెట్ కథా అంతే. 1953 జనవరి 6న, భార్య లొరెయిన్ పుట్టినరోజు విందులో ఎవరో మీద పడి ట్రంపెట్ మెడ వంగిపోయింది. ఊది చూస్తే ఆ శబ్దం తన చెవికి ఇంకా బాగా వినబడింది. అప్పట్నుంచి వంచిన ట్రంపెట్లే చేయించుకున్నాడు. పారెయ్యాల్సినదాన్ని గుర్తుగా మార్చుకున్నాడు. బుగ్గలు ఉబ్బించి ఊదకూడదని సంగీతం పంతుళ్ళందరూ చెబుతారు, ఆయన ఊదాడు.

1968లో బహాయి మతం స్వీకరించాడు. అప్పుడూ పాత పేరుతోనే ఉన్నాడు. 1988లో అమెరికా ఖండాల నలుమూలల వాద్యకారులతో ‘యునైటెడ్ నేషన్ ఆర్కెస్ట్రా’ కట్టాడు. నేషన్స్ అని బహువచనం పెట్టలేదు, గమనించండి. క్యూబా, బ్రెజిల్, పనామాల నుంచి వచ్చినవాళ్ళు తమ తమ లయల్ని వదులుకోకుండానే అందులో వాయించారు. 1993 జనవరి 6న, సరిగ్గా ట్రంపెట్ వంగిన నలభై ఏళ్ళకి, 75 ఏళ్ళ వయసులో చనిపోయాడు.

అస్తిత్వం గురించి మాట్లాడేటప్పుడు మనం ఎక్కువగా గాయం గురించే మాట్లాడతాం. మాట్లాడాలి కూడా, మనం చెప్పకపోతే ఎవరూ చెప్పరు. గిలెస్పీ దానికి ఇంకో మూడు పనులు కలిపాడు. ఎవరూ కాదనలేనంత గట్టిగా తన విద్య నేర్చుకున్నాడు. నేర్చుకున్నదాన్ని అడిగినవాడికల్లా పంచాడు. తన నవ్వు మీద హక్కు ఎవరికీ రాసివ్వలేదు. మొదటిసారి ఫోటో చూసి నవ్వినవాళ్ళు ‘గ్రూవిన్ హై’ చివరి అరనిమిషం విన్నాక మళ్ళీ ఆ ఫోటో చూడండి. ఉబ్బిన బుగ్గల పైన ఆ కళ్ళు మన వైపే చూస్తుంటాయి. ఈసారి నవ్వుతున్నది ఆయనే.